తినవచ్చునా, వేయవచ్చునా? పార్శ్వనొప్పికి మొక్కల, సముద్రపు నాచుల ఔషధాలపై ఒక సాగు శాస్త్రజ్ఞుని అభిప్రాయం

గత రబీకి ముందు ఒక రైతు సదస్సులో ఔషధ మొక్కల సాగుపై ప్రసంగించి వేదిక దిగుతుండగా ఒక మహిళా రైతు నన్ను ఆపారు. ఆమె చేతిలోని ఫోనులో ఒక మొక్క బొమ్మ ఉన్నది. చిన్న తెల్లని పూలు, చీలికలుగా ఉన్న ఆకులు. "సార్, ఒకపక్క తలనొప్పికి ఇది మంచి మందట గదా! ఎకరం వేస్తే ఆకు తామే కొంటామని ఒకాయన మా ఊరికొచ్చి చెప్పిపోయాడు. విత్తనానికి ముందుగా డబ్బు కట్టమంటున్నాడు. నాకు కూడా ఆ నొప్పి పదేళ్ల నుంచి ఉంది. వేయవచ్చా? వేస్తే నేను కూడా రోజూ నాలుగాకులు తినవచ్చా?" అని అడిగారు. అంతటితో ఆగక, "కింద పార్థీనియం అని రాసి ఉంది. మా గట్ల మీద ఉండే వయ్యారిభామే కదా, దానికి విత్తనం కొనడం ఎందుకు సార్?" అన్నారు.

ఆ మొక్క వయ్యారిభామ కాదనీ, ఐరోపాలో పెరిగే ఫీవర్‌ఫ్యూ అనీ, వయ్యారిభామను పొరపాటున కూడా నోట పెట్టరాదనీ వెంటనే చెప్పగలిగాను. మిగిలిన రెండు ప్రశ్నలకు మాత్రం అంత త్వరగా సమాధానం చెప్పలేకపోయాను. అందుకు కారణం నాకు తెలుసు. కొన్ని సంవత్సరాల క్రితం నేనే ఒక పరిశోధన ప్రతిపాదనలో "పార్శ్వనొప్పిని నివారించే ఔషధ మొక్కలు" అన్న మాట రాశాను. ఏ మొక్క, ఏ భాగం, ఎంత మోతాదు, ఎందరు రోగులలో నివారించినదని పరిశీలకులెవరూ అడగలేదు. నేనూ నన్ను అడుగుకోలేదు. అటువంటి వాక్యాలే మన వ్యాసాల నుండి కరపత్రాలకు, కరపత్రాల నుండి విత్తనం అమ్మేవారి నోటికి చేరుతాయి. ఈ వ్యాసం ఆ వాక్యాన్ని సరిదిద్దుకొనే ప్రయత్నం.

వ్యాధి స్వభావం

పార్శ్వనొప్పి లేదా మైగ్రేన్ మామూలు తలనొప్పి కాదు. ఆయుర్వేదంలో దీనిని అర్ధావభేదకమని వర్ణించారు. తలలో ఒకవైపు పోటు, వికారం, వాంతులు, వెలుతురును, శబ్దాన్ని భరించలేకపోవడం దీని లక్షణాలు. చికిత్స లేనిచో ఒక్కొక్క దాడి 4 నుండి 72 గంటల వరకు ఉంటుంది. ప్రపంచంలో వంద కోట్లకు పైగా ప్రజలు దీనితో బాధపడుతున్నారు. పురుషులలో కంటే స్త్రీలలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. నిద్ర చాలకపోవడం, వేళకు తినకపోవడం, ఎండ దీనిని ప్రేరేపించగలవు. నాట్ల కాలంలో, కోతల కాలంలో కూలి స్త్రీల దినచర్యను చూచినవారికి ఈ మూడూ ఎక్కడ కలుస్తాయో వేరుగా చెప్పనక్కరలేదు. నొప్పి వచ్చిన రోజున ఆమె కూలి పోతుంది. రానివ్వకూడదని దుకాణంలో దొరికే మాత్రలు తరచుగా మింగితే ఆ మాత్రలే మరో తలనొప్పికి కారణమవుతాయి. నెలకు 15 రోజులు లేదా అంతకు మించి మామూలు నొప్పి మాత్రలు వాడేవారిలో ఈ ప్రమాదమున్నదని వైద్యులు గుర్తించారు.

నొప్పి ఎలా పుడుతుందో ఇటీవలి దశాబ్దాలలో కొంత స్పష్టమైంది. ముఖానికి, మెదడు పొరలకు స్పర్శను అందించే ట్రైజెమినల్ నాడి చివరల నుండి సి.జి.ఆర్.పి. అనే చిన్న ప్రోటీను విడుదలై రక్తనాళాలను వ్యాకోచింపజేసి, నొప్పి సంకేతాన్ని పెంచుతుంది. దీనిని అడ్డుకొనే ప్రతిరక్షక ఔషధాలు 2018 నుండి అమెరికాలో అనుమతి పొందాయి. వాటి ధర సామాన్యులకు అందేది కాదు. కాబట్టి చవకైన మొక్కల మందు కోసం వెతకడంలో తప్పు లేదు. వెతికే పద్ధతి గురించే నా అభ్యంతరం.

పొలంలోని తెగులు నుండి వచ్చిన మందు

పార్శ్వనొప్పికి ఆధునిక వైద్యం వాడిన తొలి ప్రత్యేక ఔషధం పొలం నుండే వచ్చింది. అది మొక్క నుండి గాక, మొక్కకు పట్టిన తెగులు నుండి వచ్చింది. రై పంట కంకులలో గింజకు బదులుగా నల్లని కొమ్ముల వలె పెరిగే ఎర్గాట్ శిలీంధ్రం మధ్యయుగపు ఐరోపాలో వేలాది మందిని బలిగొన్నది. ఆ పిండితో చేసిన రొట్టె తిన్నవారికి కాళ్లు, చేతులు కుళ్లిపోయేవి. అదే శిలీంధ్రం నుండి 1918లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో ఆర్థర్ స్టోల్ ఎర్గోటమిన్‌ను శుద్ధ రూపంలో వేరుచేశాడు. 1920లలో దానిని పార్శ్వనొప్పికి వాడడం మొదలైంది. తరువాత స్విస్ రైతుల చేత రై కంకులకు కావాలని ఆ తెగులును ఎక్కించి పండించే పద్ధతి కూడా వచ్చింది. ఆ మార్గంలో సెరోటోనిన్ గ్రాహకాలపై సాగిన పరిశోధన 1990ల ప్రారంభానికి సుమట్రిప్టాన్ అనే మాత్రగా ఫలించింది.

మన సజ్జ పంటకు వచ్చే తేనెబంక తెగులు కూడా ఈ ప్రజాతికి చెందిన శిలీంధ్రమే. విత్తనాన్ని ఉప్పునీటిలో ముంచి తేలిన అవశేషాలను తీసివేయమని మనం రైతులకు తరతరాలుగా చెబుతున్నాము. పశ్చిమ, వాయవ్య భారతంలో తెగులు పట్టిన సజ్జలు తిన్న గ్రామాలలో జనం వాంతులతో, మగతతో పడిపోయిన సంఘటనలున్నాయి. అక్కడ కాళ్లు కుళ్లలేదు. కారణమేమనగా సజ్జ మీది శిలీంధ్రం తయారుచేసే ఆల్కలాయిడ్లు వేరు, రై మీది శిలీంధ్రం తయారుచేసేవి వేరు. ఒకే ప్రజాతిలో రెండు జాతులు, రెండు రసాయనాలు, రెండు ఫలితాలు. "ఎర్గాట్ పార్శ్వనొప్పికి మందు" అన్న వాక్యం చరిత్రలో నిజమే. కాని ఆ వాక్యాన్ని నమ్మి ఎవరైనా తేనెబంక పట్టిన సజ్జ కంకిని నమిలితే ఏమవుతుందో పాఠకులు ఊహించగలరు. రై కంకి మీది విషాన్ని మందుగా మార్చినవి శుద్ధి, కొలత, మోతాదు.

ఫీవర్‌ఫ్యూ: ఎంత ఆశ, ఎంత ఆధారం

ఆ రైతు చూపిన ఫీవర్‌ఫ్యూ చామంతి కుటుంబానికి చెందినది. శాస్త్రీయ నామం టానసీటమ్ పార్థీనియం. ఆకుల, పూల మీది గ్రంథి కేశాలలో పార్థినోలైడ్ అనే సెస్క్విటెర్పీన్ లాక్టోన్ ఉంటుంది. వయ్యారిభామ పేరు పార్థీనియం హిస్టెరోఫోరస్. అదీ చామంతి కుటుంబమే. దానిలో ఉండేది పార్థినిన్, అదీ సెస్క్విటెర్పీన్ లాక్టోనే. మొదటిదాన్ని ఔషధంగా పరిశీలిస్తున్నారు. రెండవది 1950లలో పుణె పరిసరాలలో కనిపించి దేశమంతా పాకి, కలుపు తీసేవారి చర్మంపై దద్దులు, శ్వాసకు ఉబ్బసం తెచ్చిపెట్టిన రసాయనం. రెండూ దగ్గరి బంధువులు కావడం వలన వయ్యారిభామ పడని చర్మం కలవారికి ఫీవర్‌ఫ్యూ కూడా పడకపోవచ్చు. తెలుగునాట గట్ల మీద కలుపు తీసే స్త్రీలలో అటువంటివారు తక్కువేమీ కాదు.

మరి ఫీవర్‌ఫ్యూ పనిచేస్తుందా? పనిచేయడానికి సహేతుకమైన విధానం ఉన్నది. ఆవకాయ కలిపేటప్పుడు ఆవపిండి ఘాటు ముక్కుకెక్కి కళ్ల వెంట నీరు కారడం మనందరికీ అనుభవమే. ఆ ఘాటును గ్రహించేది నాడి చివరలలోని టి.ఆర్.పి.ఎ.1 అనే ద్వారం. అది తెరుచుకుంటే సి.జి.ఆర్.పి. విడుదలవుతుంది. కాలిఫోర్నియాలో "తలనొప్పి చెట్టు" అని పేరుబడ్డ ఒక బే లారెల్ వృక్షం ఉన్నది. దాని ఆకుల నుండి వెలువడే అంబెల్యులోన్ ఈ ద్వారాన్నే తెరిచి తలనొప్పి తెప్పిస్తుందని పరిశోధకులు చూపారు. పార్థినోలైడ్ అదే ద్వారాన్ని కొద్దిగా తెరిచి, తరువాత మొద్దుబారేటట్లు చేస్తుంది. ప్రయోగశాలలో ఇది అందమైన వివరణ.

రోగులలో ఫలితం అంత గొప్పది కాదు. 1985లో ఇంగ్లండులో జరిగిన తొలి పరీక్షలో 17 మంది మాత్రమే ఉన్నారు. వారందరూ అప్పటికే ఆ ఆకును రోజూ తినే అలవాటు ఉన్నవారు. 2005లో ప్రచురితమైన పెద్ద పరీక్షలో పార్థినోలైడ్ ప్రమాణీకరించిన సారాన్ని 6.25 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడు సార్లు ఇచ్చారు. మందు వాడినవారిలో నెలకు 1.9 దాడులు తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో కూడా 1.3 తగ్గాయి. అంటే మొక్కకు దక్కే అసలు ప్రయోజనం నెలకు 0.6 దాడి. అన్ని పరీక్షలను క్రోడీకరించిన 2015 నాటి కాక్రేన్ సమీక్ష ఈ ఆధారాన్ని తక్కువ నాణ్యత కలిగినదిగా పేర్కొన్నది. పచ్చి ఆకు నమిలినవారిలో నోటిపూత వస్తుంది. గర్భిణులు వాడరాదు.

పైన చెప్పిన ఫలితం కొలిచి తయారుచేసిన సారానిది, నాలుగాకులది కాదు. ఆకులో పార్థినోలైడ్ శాతం రకాన్ని బట్టి, కోత దశను బట్టి, ఆరబెట్టిన తీరును బట్టి, నిల్వ కాలాన్ని బట్టి మారుతుంది. ఈ నాలుగూ సాగు శాస్త్రం చూచుకోవలసిన విషయాలు. వైద్యుడు తన పరీక్షలో ఏ ఆకు వాడాలో మనం చెప్పలేకపోతే అతని పరీక్షకు పునాది లేదు.

బటర్‌బర్ నేర్పిన పాఠం

ఫీవర్‌ఫ్యూ కంటే బటర్‌బర్ కథ మనకు ఎక్కువ ఉపయోగపడుతుంది. ఐరోపాలో తేమ నేలల్లో పెరిగే ఈ మొక్క దుంప సారంపై 245 మంది రోగులతో జరిగిన పరీక్ష ఫలితాలు 2004లో వెలువడ్డాయి. రోజుకు రెండుసార్లు 75 మిల్లీగ్రాములు వాడినవారిలో దాడులు 48 శాతం తగ్గగా, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 26 శాతం తగ్గాయి. మొక్కల మందులలో ఇంత మంచి ఆధారం అరుదు. 2012లో అమెరికన్ నాడీ వైద్యుల అకాడమీ దీనికి అత్యున్నత స్థాయి సిఫారసు ఇచ్చింది. కాలేయం దెబ్బతిన్న కేసుల నేపథ్యంలో 2015లో ఆ మార్గదర్శకాన్నే ఉపసంహరించుకున్నది. జర్మనీలో ఆ మందు 2009లోనే మార్కెట్ నుండి తొలగింది.

బటర్‌బర్‌లో మేలు చేసే పెటాసిన్లతో పాటు పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే కాలేయ విషాలు కూడా ఉంటాయి. వాటిని తొలగించి తయారుచేసిన సారమే అమ్మినా సందేహం తీరలేదు. ఈ విషాలు మనకు పరాయివి కావు. 1970ల మధ్యలో, అప్పటి మధ్యప్రదేశ్‌లోని సర్గుజా జిల్లాలో, సామలలో కలిసిన క్రోటలేరియా కలుపు గింజల వలన గిరిజన కుటుంబాలు కాలేయ వ్యాధికి గురై పొట్టలు ఉబ్బి మరణించాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఆ వ్యాధిని పరిశోధించారు. క్రోటలేరియా మనకు తెలియని పేరు కాదు. మనం పచ్చిరొట్టగా దున్నే జనుము ఆ ప్రజాతిదే. నేలకు మేలు చేసే జనుము గింజలలో కూడా ఈ ఆల్కలాయిడ్లు ఉన్నాయి.

కాబట్టి ఔషధ మొక్కల మడిలో కలుపు యాజమాన్యం దిగుబడి సమస్య మాత్రమే కాదు. హీలియోట్రోపియం, క్రోటలేరియా వంటి కలుపు నాలుగు మొక్కలు కోతలో కలిస్తే మందు విషమవుతుంది. ఐరోపా సమాఖ్య 2022 జులై నుండి మూలికా తేనీటి ఆకులలో, జీలకర్ర వంటి దినుసులలో ఈ ఆల్కలాయిడ్లకు గరిష్ఠ పరిమితులు అమలుచేస్తున్నది. మన వ్యాసాలలో ఔషధ పంటల కలుపు ప్రయోగాలు కలుపు ఎండు బరువుతో ముగుస్తున్నాయి. కోసిన ఆకులో విషం ఎంత చేరిందన్న ఒక్క వరుస వాటి పట్టికలలో అరుదు.

ఇంటి శొంఠి

మా అమ్మగారికి కూడా పార్శ్వనొప్పి ఉండేది. శొంఠికొమ్ము సానరాయి మీద అరగదీసి నుదుటికి పట్టు వేసుకొని చీకటి గదిలో పడుకొనేవారు. కాబట్టి సంప్రదాయ జ్ఞానాన్ని తేలికగా చూచే ఉద్దేశం నాకు లేదు. 2014లో ఇరాన్‌లో వంద మంది రోగులపై జరిగిన పరీక్షలో దాడి సమయంలో 250 మిల్లీగ్రాముల అల్లం పొడి, 50 మిల్లీగ్రాముల సుమట్రిప్టాన్ రెండు గంటలలో దాదాపు సమానంగా ఉపశమనం ఇచ్చాయి. అల్లం తీసుకున్నవారిలో దుష్ప్రభావాలు తక్కువ. ఇది ఆశాజనకమే. అయితే ఆ పరీక్షలో ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన వర్గం లేదు. 2020లో బ్రెజిల్ పరిశోధకులు 107 మందికి మూడు నెలలు అల్లం సారాన్ని నివారణగా ఇచ్చి చూశారు. అల్లం తిన్నవారికీ, ఉత్తుత్తి మాత్ర తిన్నవారికీ తేడా కనబడలేదు. అంటే వచ్చిన దాడిని తగ్గించడంలో అల్లం సహాయపడవచ్చునేమో గాని, దాడి రాకుండా ఆపుతుందని చెప్పలేము.

అల్లం మన పంట. జహీరాబాదు ప్రాంతంలో, పాడేరు ఏజెన్సీలో వేలాది కుటుంబాలు దీనిని పండిస్తున్నాయి. పచ్చి అల్లంలోని జింజెరాల్ ఎండే క్రమంలో కొంత షోగాల్‌గా మారుతుంది. అందువలన పచ్చి అల్లం, శొంఠి రసాయనికంగా ఒకటి కావు. ఏ రకం, ఎన్ని నెలల కోత, ఎంత వేడిలో ఎండబెట్టడం అన్నవి ఈ నిష్పత్తిని నిర్ణయిస్తాయి. విదేశీ మొక్కకు విత్తనం తెప్పించే ముందు మన పొలంలోని అల్లంపై ఈ పని చేయడం సముచితం.

సముద్రపు నాచు

ఇటీవల సముద్రపు నాచులపై ఉత్సాహం పెరిగింది. సర్గాసం వంటి గోధుమవర్ణ నాచులలోని ఫ్యూకోయిడాన్, ఫ్లోరోటానిన్లు కణాలలో, ఎలుకలలో వాపును తగ్గిస్తున్నాయని అనేక వ్యాసాలు వచ్చాయి. పార్శ్వనొప్పిలో వాపు పాత్ర ఉన్నది గనుక నాచు పార్శ్వనొప్పికి మందవుతుందని కొందరు ముగిస్తున్నారు. ఈ తర్కంలో లోపం ఎక్కడున్నదో చూపడానికి నాచులే చాలు. మన్నార్ సింధుశాఖ, పాక్ జలసంధి తీరాలలో తమిళ మత్స్యకార స్త్రీలు పెంచుతున్న కప్పాఫైకస్ నాచు నుండి క్యారజీనాన్ వస్తుంది. వాపు తగ్గించే మందులను పరీక్షించేందుకు ఎలుక పాదంలో వాపు తెప్పించడానికి ప్రయోగశాలలు దశాబ్దాలుగా వాడుతున్నది క్యారజీనాన్‌నే. వాపు తగ్గించే పదార్థమూ, వాపు తెప్పించే పదార్థమూ రెండూ నాచులలోనే ఉన్నాయి. "నాచు" అన్న మాట వలన రోగికి ఏమీ తెలియదు.

నాచు నుండి పార్శ్వనొప్పి పరిశోధనకు నిజంగా అందిన సహాయం మరొక దారిలో వచ్చింది. జపానులో నులిపురుగులకు మందుగా వాడిన ఒక ఎర్రనాచు నుండి 1953లో కైనిక్ ఆమ్లాన్ని వేరుచేశారు. అది మెదడులోని గ్లూటమేట్ గ్రాహకాలలో ఒక వర్గాన్ని తీవ్రంగా ఉత్తేజపరుస్తుంది. ఆ వర్గానికి కైనేట్ గ్రాహకాలన్న పేరే స్థిరపడింది. తరువాత ఆ గ్రాహకాలను అడ్డుకొనే సంశ్లేషిత పదార్థాలను పార్శ్వనొప్పి రోగులలో చిన్న స్థాయిలో పరీక్షించారు. నాచులోని పదార్థం నాడీకణాలను చంపగల విషం. దానిని అడ్డుకొనే పదార్థమే మందుగా పరిశీలనకు వచ్చింది. దీనికి బంధువైన డొమోయిక్ ఆమ్లం 1987లో కెనడాలో ఆల్చిప్పల ద్వారా మనుషులలోకి చేరి జ్ఞాపకశక్తిని హరించింది, ప్రాణాలు కూడా తీసింది.

తినే నాచులతోనూ జాగ్రత్త అవసరం. కొన్ని కెల్ప్ నాచుల ఒక్క గ్రాము ఎండుపొడిలో పెద్దవారికి రోజుకు కావలసిన 150 మైక్రోగ్రాముల అయొడిన్ కంటే అనేక రెట్లు ఉంటుంది. థైరాయిడ్ లోపమున్నవారికి అది హాని. ఆర్సెనిక్ కారణంగా హిజికీ నాచును తినవద్దని 2004లో బ్రిటన్ ఆహార సంస్థ హెచ్చరించింది. ఇక్కడ ఒక వైచిత్రి ఉన్నది. నాచు సారాన్ని వరి మీద పిచికారీ చేసే జీవ ఉత్ప్రేరకంగా అమ్మాలంటే 2021 నుండి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం విషప్రభావ వివరాలు, భారలోహాల పరిమితులు, క్షేత్రస్థాయి పనితీరు పరీక్షలు చూపాలి. అటువంటి పరీక్షలు చేసేది మన విశ్వవిద్యాలయాలే. వరి ఆకు విషయంలో ఇంత పట్టుదల చూపే మనం, మనిషి మింగే దాని విషయంలో ఒక ఎలుక ప్రయోగంతో తృప్తి పడడం సబబు కాదు.

ఈ కొలబద్ద మనదే

ఇదంతా వైద్యుల పని, సాగు శాస్త్రజ్ఞులకెందుకని కొందరు సహచరులు అనవచ్చు. చరిత్ర వేరే మాట చెబుతున్నది. 1919లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరిన రోనాల్డ్ ఫిషర్ పొలాల మడులలోనే యాదృచ్ఛీకరణ, పునరుక్తి అనే సూత్రాలను తీర్చిదిద్దాడు. వైద్యంలో యాదృచ్ఛిక పద్ధతికి మైలురాయిగా చెప్పుకొనే క్షయవ్యాధి స్ట్రెప్టోమైసిన్ పరీక్ష ఫలితాలు 1948లో వచ్చాయి. మందుల నిజానిజాలు తేల్చే కొలబద్ద పొలం నుండే ఆసుపత్రికి వెళ్లింది. ఎరువు వేయని మడి లేకుండా ఎరువు పనిచేసిందని రాసే విద్యార్థి సిద్ధాంత గ్రంథాన్ని మనం తిప్పి పంపుతాము. బటర్‌బర్ పరీక్షలో ఉత్తుత్తి మాత్రకే 26 శాతం తగ్గుదల వచ్చిందంటే, పార్శ్వనొప్పిలో ఖాళీ మడి ఎంత అవసరమో అర్థమవుతుంది. ఆకు తిన్న పదిమందిలో కొందరికి తగ్గిందన్న మాట అటువంటి మడి లేని ప్రయోగమే.

దీనికి రెండు ఆక్షేపణలు వినవస్తాయి. మొదటిది, కర్మాగారపు మందులకు కూడా దుష్ప్రభావాలున్నాయి గదా అని. ఉన్నాయి. అవి ఏమిటో, ఎందరిలో వస్తాయో పొట్లం మీద రాసి ఉన్నది. మొక్కల మందుకు కూడా అదే గౌరవం ఇవ్వమని నేను కోరుతున్నాను. రెండవది, ఇన్ని నియమాలు పెడితే రైతుకు కొత్త పంట ఎలా దక్కుతుందని. సఫేద్ ముస్లి రోజులను చూచినవారికి దీని జవాబు తెలుసు. ఖరీదైన విత్తనం కొని సాగుచేసి, పంట చేతికొచ్చేసరికి కొనేవారు కనబడక నష్టపోయిన కుటుంబాలు నాకు తెలుసు. ఆ పంట సాగు పద్ధతులను ఉత్సాహంగా బోధించినవారిలో నేనూ ఒకణ్ణి.

చేయవలసినవి

మన విశ్వవిద్యాలయాలు, ఈ పత్రిక కూడా, కొన్ని నియమాలను స్వీకరించాలని నా అభిప్రాయం. ఔషధ మొక్కలపై ఏ వ్యాసంలోనైనా "నివారిస్తుంది", "నయం చేస్తుంది" అన్న మాటలకు ముందు ఆధారం కణాలలోనిదా, జంతువులలోనిదా, ఎందరు రోగులలోనిదా స్పష్టంగా రాయాలి. మొక్క శాస్త్రీయ నామం, కుటుంబం, భద్రపరచిన నమూనా సంఖ్య, వాడిన భాగం, కోత దశ, ఎండబెట్టిన తీరు తప్పనిసరిగా ఉండాలి. ఎకరానికి ఎన్ని క్వింటాళ్ల ఆకు అన్న దానితో పాటు క్రియాశీల పదార్థం ఎంత, మడికీ మడికీ, ఏటికీ ఏటికీ ఎంత మారింది, తెలిసిన విషాలు ఎంత అన్నవి పట్టికలో చేరాలి. రోగులపై పరీక్ష జరపాలంటే వైద్య కళాశాలతో కలిసి, భారత క్లినికల్ పరీక్షల రిజిస్ట్రీలో ముందుగా నమోదు చేసి జరపాలి. మొక్కను పండించి, ప్రమాణీకరించి ఇవ్వడం మన బాధ్యత. రోగికి ఇవ్వడం వారి బాధ్యత.

విస్తరణ సిబ్బంది విషయంలో ఒక్క నియమం చాలు. కొనుగోలుదారు పేరు, ధర, నాణ్యత పరీక్ష ఎవరు చేస్తారు, తిరస్కరించిన సరుకు నష్టం ఎవరిది అన్న నాలుగు అంశాలు రాతపూర్వకంగా లేని ఔషధ పంటను మన వేదికల నుండి సిఫారసు చేయరాదు.

ఆ రైతుకు చివరికి నేనిచ్చిన సమాధానం ఇది. "అమ్మా, ఆ ఆకు తినవద్దు. కాగితం మీద ధర రాసి సంతకం పెట్టేదాకా విత్తనానికి డబ్బు కట్టవద్దు. వయ్యారిభామను చేతి తొడుగు లేకుండా పీకవద్దు. నొప్పికి జిల్లా ఆసుపత్రిలో నాడీ వైద్యుణ్ణి కలవండి. వెళ్లేలోగా గోడ క్యాలెండరు మీద నొప్పి వచ్చిన రోజుకు గుర్తు, మాత్ర వేసుకున్న రోజుకు మరో గుర్తు పెట్టండి." రెండు నెలల తరువాత ఆమె ఫోను చేశారు. సంతకం అడిగేసరికి విత్తనం ఆయన మళ్లీ రాలేదట. క్యాలెండరు చూచిన వైద్యులు, మాత్రలు అతిగా వాడడం వలననే సగం రోజులు నొప్పి వస్తున్నదని చెప్పి, వాటిని తగ్గించే మార్గం చూపారట. నొప్పి పూర్తిగా పోలేదు, కాని కూలికి పోలేని రోజులు తగ్గాయన్నారు.

ఆమె క్యాలెండరులో ఉన్నది అంకెలు, తేదీలు మాత్రమే. నా పాత ప్రతిపాదనలోని వాక్యం కంటే అదే మంచి పరిశోధన పత్రం. ఈ సంవత్సరం అల్లంపై సమర్పించిన కొత్త ప్రతిపాదనలో "పార్శ్వనొప్పిని నివారించే" అన్న మాట తీసివేసి, "దాడి సమయంలో ఉపశమనానికి వైద్యులు పరీక్షించదగిన, జింజెరాల్, షోగాల్ ప్రమాణీకరించిన శొంఠి" అని రాశాను. వాక్యం పొడవైంది. దానిని కరపత్రంలో నినాదంగా వేయడం కూడా కష్టమే. అటువంటి వాక్యాలే ఇకపై మన నుండి వెలువడాలని నా సహచరులకు, విద్యార్థులకు మనవి.